రెండు పేజీల మనిషి

కార్తీకమాసంలో మా గాజువాక వీధికి రెండు సందళ్ళు. తెల్లారగట్ల దీపాలు, రాత్రి తొమ్మిది దాటాక ఎస్సోపీలు. అమెరికాలో ఎమ్మెస్‌కి దరఖాస్తు పెట్టే పిల్లలకి డిసెంబరు 15 ఒక గండం, జనవరి 1 ఇంకో గండం. అవి దగ్గరపడే కొద్దీ నా ఫోను టింగు టింగుమంటూనే ఉంటుంది. ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి కదా, వీధిలో ఎవరి పిల్లలు ఏం రాసుకున్నా ఒకసారి మాస్టారి కళ్ళబడాల్సిందేనని తల్లిదండ్రుల తీర్మానం. ఫీజు లేదు. అప్పుడప్పుడు ఓ గిన్నెడు కందా బచ్చలికూర వస్తుంది, అంతే.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ని పిల్లలు ఎస్సోపీ అంటారు. ఇంగ్లండువాళ్ళు పర్సనల్ స్టేట్‌మెంట్ అంటారు. నేనెవర్ని, ఏం చదివాను, మీ దగ్గరికే ఎందుకొస్తానంటున్నాను అని తన గురించి తాను చెప్పుకునే కాగితం. అది పంపించిన మరుక్షణం ఫోను చేసి అడిగే ప్రశ్న మాత్రం ఏటా ఒకటే.

"మాస్టారూ, ఎంత ఉండాలండీ?"

ఏం ఉండాలని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

మొదట్లో నేనూ అంకెలే చెప్పేవాణ్ణి. అంకెలకేం లోటు? ఇంగ్లండులో డిగ్రీకి వెళ్ళాలంటే యూకాస్ అనే ఉమ్మడి సంస్థ ద్వారా వెళ్ళాలి. అక్కడ లెక్క మాటల్లో ఉండదు, క్యారెక్టర్లలో ఉంటుంది: ఖాళీలతో సహా 4,000. 2026లో చేరేవాళ్ళ దగ్గర్నించి పాత వ్యాసం తీసేసి మూడు ప్రశ్నలు పెట్టారు గానీ మొత్తానికి హద్దు అదే 4,000. ఒక్కో జవాబూ 350కి తగ్గకూడదు. ఇంటరయ్యాక అమెరికా వెళ్ళేవాళ్ళకి కామన్ యాప్ వ్యాసం 250 మాటలకి తక్కువ ఉండకూడదు, 650 దాటకూడదు. కాలిఫోర్నియా యూనివర్సిటీవాళ్ళు ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగింటికి రాయమంటారు, ఒక్కోటీ 350 మాటల్లోపు. ఎమ్మెస్‌ల దగ్గరికొస్తే ఎవరి ఇంటి ఆచారం వారిది. ఒకరు 500 మాటలంటారు, ఒకరు వెయ్యంటారు, ఒకరు రెండు పేజీలంటారు. ఏమీ చెప్పనివాళ్ళతోనే చిక్కు. హద్దు లేదని తెలిస్తే మనవాళ్ళకి పెళ్ళిభోజనం గుర్తొస్తుంది; విస్తట్లో ఖాళీ కనబడకూడదు.

ఈ క్యారెక్టర్ల లెక్క చూస్తే నాకు నవ్వొస్తుంది. "లక్ష్మి" మనకి రెండక్షరాలు. కంప్యూటరు ఏడంటుంది. హల్లుకో లెక్క, పొల్లుకో లెక్క, గుడికో లెక్క. "స్త్రీ" ఒక్క అక్షరం, దానికి ఆరు. ఎస్సోపీ తెలుగులో రాయమంటే మనకి నాలుగువేలు ఏ మూలకీ రావు. అలాగని హద్దులో చెప్పడం మనకి కొత్తేం కాదు. ఉత్పలమాలకి పాదానికి ఇరవై అక్షరాలు, నాలుగు పాదాలకి ఎనభై. యతి, ప్రాస, చెప్పదలుచుకున్న సంగతి, అన్నీ అందులోనే సర్దుకోవాలి. రామాయణాన్ని కట్టె కొట్టె తెచ్చె అని తేల్చేసినవాళ్ళం.

అవధానంలో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉంది. అవధాని ఒక్కో అక్షరం వేస్తూ ఉంటే, తర్వాత ఫలానా అక్షరం వాడొద్దని పృచ్ఛకుడు అడ్డుతగులుతుంటాడు. పిల్లల దగ్గర నాది ఆ పృచ్ఛకుడి వేషం. "చిన్నప్పటి నించీ నాకు" నిషిద్ధం. "ప్యాషన్" నిషిద్ధం. "ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన మీ విశ్వవిద్యాలయం" మరీ నిషిద్ధం, వాళ్ళ ప్రఖ్యాతి సంగతి వాళ్ళకి మనం చెప్పక్కర్లేదు. ఈ మూడూ, వాటి చుట్టపక్కాలూ వెళ్ళిపోతే చాలా ఎస్సోపీల్లో మూడోవంతు ఖాళీ అవుతుంది. నా మందు ఇన్నాళ్ళూ ఇంతే. అది సగం మందేనని పోయినేడు ఒక అమ్మాయి వల్ల తెలిసింది.

ఆ అమ్మాయిది మా వీధి కాదు, అగనంపూడి దగ్గర నిర్వాసితుల కాలనీ. బీటెక్ మెటలర్జీ. తండ్రి విశాఖ స్టీల్‌ప్లాంటులో, ఎస్ఎమ్మెస్‌లో పని. ఎస్ఎమ్మెస్ అంటే ఫోను సందేశం కాదు, స్టీల్ మెల్టింగ్ షాపు. ప్లాంటు పక్కన కూర్మన్నపాలెంలో ఈ మాట ఎవర్నడిగినా చెబుతారు. ఆమె పంపిన ఎస్సోపీ నాలుగు పేజీలు, 1,900 మాటలు. యూనివర్సిటీ అడిగింది వెయ్యిలోపు. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీవాళ్ళు మూలం తయారుచేసి ఇచ్చారట, ఈమె పేర్లూ మార్కులూ నింపింది. మొదటి పేరాలో ఎవరో మహానుభావుడి సూక్తి. రెండో పేరాలో ప్రాచీన భారతదేశపు వుట్జ్ స్టీలు. ఆ వుట్జ్ అన్నమాట మన "ఉక్కు"లోంచే పుట్టిందంటారు. రోజూ ఉక్కునగరం మీదుగా బస్సులో తిరిగే పిల్ల, తన ఊరి మాటని ఇంగ్లీషు వేషంలో చూసి గుర్తుపట్టలేదు. మూడో పేజీలో ఒక్క వాక్యం: మా నాన్న ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. అక్కడితో సరి, మళ్ళీ మార్కులు.

"మీ నాన్న చేసే పనేమిటమ్మా?" అన్నాను, ఊరికే.

ఇరవై నిమిషాలు మాట్లాడింది. నాన్న చొక్కాలన్నిటికీ చిల్లులేనట. పైన కంపెనీ కోటు ఉన్నా మెడ దగ్గర్నించి, చేతుల దగ్గర్నించి నిప్పురవ్వలు దూరతాయట. పెసరగింజంత చిల్లులు, అంచులు గోధుమరంగులో బిరుసెక్కి. సీ షిఫ్టు దిగి పొద్దున్న ఇంటికొచ్చాక విప్పిన చొక్కాని కిటికీకి అడ్డం పట్టుకుని చుక్కలు లెక్కపెట్టడం ఆ పిల్ల ఆట. పాడైపోయినవి వాళ్ళమ్మ ఇల్లు తుడిచే గుడ్డలు చేసేది. ఒకరోజు చిల్లులు ఎక్కువా, ఒకరోజు తక్కువా ఎందుకున్నాయని అడిగితే "ఇయ్యాల బ్లో పొంగీసిందమ్మా" అన్నాడట తండ్రి. బ్లాస్ట్ ఫర్నేసులోంచి వచ్చిన ద్రవ ఇనుములో నాలుగు శాతం దాకా కార్బన్ ఉంటుంది. అది పోతే తప్ప ఉక్కు కాదు. కన్వర్టరులో పోసి పైనించి ఆక్సిజన్ ఊదుతారు. కార్బన్ వాయువై లేచిపోతుంది. పైన తేలే మలినం, చిట్టెం, మరీ నురగకడితే, పొయ్యిమీద మరిచిన పాలగిన్నెలాగ మూతిమీంచి పొంగుతుంది. ఆ పొంగు జాడలే నాన్న చొక్కా మీద చుక్కలు.

ఇంజనీరింగు నాలుగో ఏడు ప్రాజెక్టు, ద్రవ ఉక్కుని మోసే లేడిల్ లోపలి ఇటుకల మీద చేసింది. చిట్టెం తేలే మట్టం దగ్గరే ఇటుక ముందు అరిగిపోతుంది, ఎందుకని. విప్పేసిన ఇటుక ఒకటి చేత్తో పట్టుకుని చూసిందట. కొత్తలో చేతికి బరువైన ఇటుక, ఒకపక్క చప్పరించిన బెల్లంముక్కలాగ నున్నగా అయిపోయిందట. ఎస్సోపీలో దీని గురించి ఉన్నది: రిఫ్రాక్టరీల అరుగుదల మీద ఒక ప్రాజెక్టు విజయవంతంగా పూర్తిచేశాను.

"ఇదంతా రాయలేదేం?"

"ఫ్యామిలీ మేటర్ వద్దన్నారండి. అయినా ఎవరడుగుతారండి ఇవన్నీ?"

ఆమె అన్నదాంట్లో ఒక నిజం ఉంది. మనకి "నేను" అని మొదలుపెట్టి చెప్పుకునే అలవాటు తక్కువ. మన దరఖాస్తుల భాష వేరు. ఆ అమ్మాయి తాతగారు పాతికేళ్ళు రాసుకున్న అర్జీల నకళ్ళు ఇంట్లో ట్రంకుపెట్టెలో ప్లాస్టిక్ కవరులో ఉన్నాయంటే, ఒకదాన్ని ఫోటో తీసి పంపమన్నాను. స్టీల్‌ప్లాంటుకి భూమి పోయిన కుటుంబాల్లో వాళ్ళదొకటి. అలాటివాళ్ళకి ఆర్ కార్డు అని ఒకటి ఇచ్చారు, ఇంటికో ఉద్యోగం వస్తుందన్న ఆశతో దాన్ని దేవుడి పటం వెనక దాచుకున్నారు. ఆ కార్డు మీదే ఈ పిల్ల తండ్రికి ఉద్యోగం వచ్చింది, ఎన్నో అర్జీల తర్వాత. అర్జీ అరపేజీ. జిల్లా కలెక్టరు గారి దివ్యసముఖమునకు, ఫలానా గ్రామ కాపురస్తుడు, తండ్రి పేరు, నమస్కరించి వ్రాసుకొన్న విన్నపము. సర్వే నంబరు. ఎకరాలు, సెంట్లు. తాడిచెట్లు ఎన్ని, జీడిమామిడి ఎన్ని. ఆర్ కార్డు నంబరు. చిత్తగించవలెను. వేలిముద్ర.

బాధ గురించి ఒక్క మాట లేదు. నాకు ముందు కొంచెం వెలితిగా అనిపించింది. రెండోసారి చదివితే, రాయించినాయన ఎంత గడుసువాడో అర్థమైంది. సర్వే నంబరు లేకపోతే గుమాస్తా ఫైలు తియ్యడు. చదివేవాడి చెయ్యి ముందుగా దేనిమీదికి పోతుందో ఆయనకి తెలుసు.

ఆ మాటకొస్తే ఈ ఊరికి కూడా ఒక ఎస్సోపీ ఉంది. విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు. నాలుగు మాటలు. 1966లో ఆ నాలుగు మాటలతో రాష్ట్రమంతా రోడ్డెక్కింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. నాలుగు మాటల దరఖాస్తుకి జవాబు పూర్తిగా చేతికందడానికి ఇరవయ్యారేళ్ళు. 2021 జనవరిలో కేంద్రం తన వాటా మొత్తం అమ్మేస్తానన్నాక కూర్మన్నపాలెం కూడలిలో శిబిరం వేశారు. బేనరు మీద మళ్ళీ అవే నాలుగు మాటలు. ఒకటి కలపలేదు, ఒకటి తియ్యలేదు.

అయితే పొట్టిగా ఉంటే చాలని నేను చెప్పబోతున్నానని అనుకోకండి. ఆ మోజులో ఒకసారి తప్పు చేశాను. పదిపన్నెండేళ్ళ కిందట మా మేనల్లుడి ఎస్సోపీ నా చేతిలో పడింది. వెయ్యి మాటల్ని గీకి గీకి నాలుగు వందలు చేశాను. వాడి తడబాట్లు తీసేశాను. రెండో ఏడు ఒక సబ్జెక్టు పోయిన సంగతి, దాన్ని మళ్ళీ కట్టి ఎలా నెగ్గాడో చెప్పిన పేరా, అక్కర్లేదని కొట్టేశాను. అద్దంలా వచ్చింది. వాడికి సీటు వచ్చింది, వెళ్ళాడు, ఉద్యోగంలో కుదురుకున్నాడు. మొన్నో సంక్రాంతికి వచ్చినప్పుడు నవ్వుతూనే అన్నాడు: "మావయ్యా, ఆ ఎస్సోపీతో సీటు రావలసింది నీకు. అందులో నేనెక్కడున్నాను?" అరిసె నోట్లో ఉండగా వినాల్సిన మాట కాదది.

అప్పటినించీ ఈ పొడుగు లెక్క ఎలా చెయ్యాలా అని ఆలోచిస్తుంటే, మా చిన్నాన్న గుర్తొచ్చాడు. ఆయన పోర్టులో ఒక డ్రాఫ్ట్ సర్వేయరు దగ్గర మనిషి. బైలదిల్లా ఇనుపఖనిజం జపాను ఓడలకెక్కే రోజులు. ఓడలోకి ఎన్ని టన్నులు ఎక్కిందో తేల్చాలి. అంత పెద్ద ఓడని కాటాలో పెట్టేదెవరు? అందుకని ఓడనే కాటా చేస్తారు. ముందుభాగం, నడుము, వెనకభాగం, అటూ ఇటూ, ఆరుచోట్ల ఓడ ఒంటిమీద అంకెలు రాసి ఉంటాయి. అంకె పొడుగు పది సెంటీమీటర్లు, దాని అడుగు అంచు నీటికి తగిలితే ఒక లెక్క, తల తగిలితే ఇంకో లెక్క. నాటుపడవలో ఓడ చుట్టూ తిరుగుతూ ఆ అంకెలు చదవాలి. నీళ్ళేమో నిలవవు. లేచినప్పుడొకటి, దిగినప్పుడొకటి చూసి, మధ్యది పట్టుకోవాలి. ఒకసారి సెలవుల్లో నన్నూ తీసుకెళ్ళాడు. నేను నీళ్ళని చూస్తుంటే "అల పైకొచ్చింది చూడకు, అల ఆగింది చూడు" అన్నాడు. ఇప్పటికీ నాకు ఆగిన అల కనబడలేదు.

తర్వాత బకెట్టుతో నీళ్ళు తోడి సాంద్రత చూస్తారు. ఉప్పునీటిలో ఓడ తేలిగ్గా తేలుతుంది, మంచినీటిలో అదే ఓడ ఇంకాస్త దిగబడుతుంది. వానలు పడి మేఘాద్రిగెడ్డ ఇన్నర్ హార్బరులోకి పొంగితే లెక్క మారిపోతుంది. ఇంతా అయ్యాక అసలు పని తీసివేతలు. ఖాళీ ఓడ బరువు తీసెయ్, అది కాగితంలో ఉంది. ఆయిలు తీసెయ్, మంచినీళ్ళు తీసెయ్, బలాస్ట్ నీళ్ళు తీసెయ్, అవన్నీ కొలిచినవే. సరుకు ఎక్కించకముందు ఇవన్నీ తీసేస్తే సున్నా రావాలి కదా. రాదు. ఎప్పుడూ ఎంతో కొంత మిగులుతుంది. టాంకుల అడుగున పేరుకున్న బురద, ఏళ్ళ తరబడి వేసిన రంగుపొరలు, ఎక్కడో మూల పడేసిన పాత తాళ్ళు, ఎవరి జాబితాలోనూ లేనివి. దాన్ని కాన్‌స్టెంట్ అంటారు. ఏ ఓడ కాన్‌స్టెంట్ దానిది. ఓడ పాతబడే కొద్దీ పెరుగుతుంది. చిన్నాన్న దాన్ని "ఓడ గుట్టు" అనేవాడు.

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఆ తీసివేతే చేయించాను. మార్కులు ట్రాన్‌స్క్రిప్టులో ఉన్నాయి, తీసెయ్. ఇంటర్న్‌షిప్పులు, పేపర్ ప్రెజెంటేషన్లు రెజ్యూమెలో ఉన్నాయి, తీసెయ్. కష్టపడే పిల్ల అని ప్రొఫెసరుగారు సిఫారసు ఉత్తరంలో రాసే ఉంటారు, తీసెయ్. వాళ్ళ యూనివర్సిటీ గొప్ప వాళ్ళ వెబ్‌సైటులో ఉంది. వుట్జ్ లైబ్రరీలో ఉంది. సూక్తి ఎవరిదో వాళ్ళకిచ్చెయ్. 1,900లో మిగిలినవి 140 మాటలు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

"ఇప్పుడు ఆ చొక్కా సంగతి రాయి," అన్నాను.

రాసింది, పెద్ద చిక్కు వచ్చింది. 2007లో ఇంగ్లండులో యూకాస్‌వాళ్ళు స్టేట్‌మెంట్లు ఒకదాంతో ఒకటి పోల్చిచూస్తే, ఎనిమిదేళ్ళ వయసులో రసాయనాలతో ఆడుతూ పైజామాకి చిల్లు పెట్టుకున్నామని 234 మంది రాశారని బయటపడింది. ఎవరో ఒకరి పైజామా కాలి ఉండొచ్చు. మిగిలినవాళ్ళు ఆ చిల్లులోంచి దూరినవాళ్ళే. ఈ కథ సరదాకి చెప్పాను. ఆ పిల్ల హడలిపోయింది. "మరి నాదీ కాపీ అనుకుంటారేమోనండీ!" నిజానికీ కాపీకీ తేడా ఎలా చూపించడం? ఆలోచిస్తే జవాబు ఆమె దగ్గరే ఉంది. కాపీ కొట్టినవాడి చిల్లు చిల్లు దగ్గరే ఆగిపోతుంది. ఈమె చిల్లు బ్లో పొంగడం దగ్గరికి వెళ్ళింది, అక్కడినించి చిట్టెం దగ్గరికి, చిట్టెం నించి అరిగిన ఇటుక దగ్గరికి, ఇటుక నించి ఇప్పుడు తను చదవాలనుకుంటున్న ఫలానా లేబొరేటరీ దగ్గరికి. గొలుసు తెగకుండా ఎంత దూరం వెళ్ళిందో అంత పొడుగు రాయమన్నాను. కన్యాశుల్కం గిరీశమే ఇప్పుడుంటే ఆసీలుమెట్టలో కన్సల్టెన్సీ తెరిచి, ఇంతకంటే ఎన్నో చిల్లులు అల్లి ఇచ్చేవాడు. ఈ మధ్య ఆ పని ఫోనులోని యాప్ చేస్తోంది, శిష్యుడు వెంకటేశానికి గురువుగారి చుట్టల ఖర్చు కూడా మిగిలింది.

నాలుగుసార్లు తిరగరాసింది. ఒకసారి 1,100కి పెరిగింది, ఒకసారి 600కి పడిపోయింది. 600లో ఇటుక చేత్తో పట్టుకున్న వాక్యం పోయింది, మళ్ళీ పెట్టించాను. ఆఖరికి 870 దగ్గర ఆగింది. రెండు పేజీలకి నాలుగు గీతలు తక్కువ. తాతగారి గురించి ఒక్క వాక్యం: మా తాత పొలం ఉన్న ఒక ఊరి మీదే ఈ కర్మాగారం లేచింది. అంతకు మించి అక్కర్లేదని ఇద్దరం అనుకున్నాం.

డిసెంబరు 14 రాత్రి పదిన్నరకి ఫోను.

"సబ్మిట్ కొట్టెయ్యబోతున్నానండి. ఇందాక తాతకి తెలుగులో చెప్పి వినిపించాను."

"ఏమన్నారు?"

"అంతా విన్నాడండి. నాన్న చొక్కా దగ్గర నవ్వాడు. ఆఖర్న, 'అన్నీ బాగానే రాసినావు గానీ, సర్వే నెంబరేసినావేటే?' అన్నాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఫోను పెట్టేశాక ఆ రెండు పేజీలూ మళ్ళీ తెరిచాను. కర్మాగారం పేరు ఉంది. కాలేజీ పేరు ఉంది. వాళ్ళ ప్రొఫెసరు పేరు రెండుసార్లు ఉంది. తాత వాక్యం దగ్గర "ఒక ఊరు" అని ఉంది.

టైము చూసుకుని, ఆ అమ్మాయికి ఫోను చేశాను.